మయోనైజ్ గుట్టు దానిలోని కొద్దిపాటి నీటిలో ఉంది

మయోనైజ్ ఎక్కడ పుట్టింది, గుడ్డుసొనలో నూనె కలిపితే అంత చిక్కగా ఎలా తయారవుతుంది, తెలంగాణ ప్రభుత్వం నిషేధం విధించిన తరువాత దానిని ఇంట్లో చేసుకోవడం క్షేమమేనా, ఒకే ఇంట్లో పిల్లలు ఇష్టంగా నంజుకునే పదార్థాన్ని పెద్దలు వాసన చూసి పక్కకు ఎందుకు నెడతారు అని మీరు అడిగారు. హోటల్ వంటశాలల్లోను, ఆ తరువాత సాస్‌లు తయారు చేసే కర్మాగారంలోను ఏళ్ల తరబడి ఈ పదార్థంతో పని చేసినవాడిగా చెబుతున్నాను: మీ ప్రశ్నలు వేరువేరుగా కనబడినా వాటికి మూలం ఒక్కటే. మయోనైజ్‌లో నూటికి డెబ్బై, ఎనభై పాళ్లు నూనే అయినప్పటికీ, దాని చిక్కదనం, రుచి, నిలవ, క్షేమం అన్నీ మిగిలిన కొద్దిపాటి నీటి మీదే ఆధారపడి ఉంటాయి. ఈ సంగతి పట్టుబడితే మిగతాదంతా సులభంగా బోధపడుతుంది.

ముందుగా చరిత్ర చెబుతాను. 1756లో డ్యూక్ ఆఫ్ రిషెలియూ నాయకత్వంలో ఫ్రెంచి సేనలు మధ్యధరా సముద్రంలోని మినోర్కా ద్వీపం మీద దిగి, మావోన్ రేవును కాపాడుతున్న బ్రిటిష్ వారి సెయింట్ ఫిలిప్ కోటను ముట్టడించి, జూన్ నెలాఖరుకు లొంగదీసుకున్నాయి. విజయోత్సవ విందుకు మీగడ దొరక్కపోవడంతో వంటవాడు ఆలివ్ నూనెతో ఒక సాస్ చేశాడనీ, దానికి మావోన్ పేరు పెట్టారనీ ఒక కథ విస్తారంగా ప్రచారంలో ఉంది. కథ బాగానే ఉంది గాని, దానిని నిలబెట్టే ఆనాటి ఆధారం కనబడదు. ఈ పేరు అచ్చులో కనిపించడం 19వ శతాబ్దం మొదటి దశాబ్దంలోనే మొదలవుతుంది. 1806లో వెలువడిన ఫ్రెంచి వంటవాడు వియార్ వంటపుస్తకం అటువంటి తొలి ఆధారాలలో ఒకటి. తొలినాళ్ల పద్ధతులలో గుడ్డుసొనకు బదులుగా, మాంసపు రసం చల్లారి గడ్డకట్టిన జెల్లీతో నూనెను పట్టి ఉంచడం కూడా ఉండేది. మరోవైపు, స్పెయిన్‌లోని కటలోనియా, ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ తీరాల్లోను, మధ్యధరా దీవుల్లోను రోట్లో వెల్లుల్లి నూరుతూ చుక్కచుక్కగా ఆలివ్ నూనె కలిపి ముద్ద చేయడం అంతకంటే చాలా పాతది. నూనెను చిక్కటి ముద్దగా మార్చే నేర్పు ఆ తీరప్రాంతపు గృహిణులదనీ, వెల్లుల్లిని తీసివేసి గుడ్డుసొనను పెట్టి, దానిని మర్యాదస్థుల విందులకు తగిన సాస్‌గా స్థిరపరచినది పారిస్ వంటవారనీ నా అభిప్రాయం. ఈ రెండు పక్షాలలో ఎవరి వాదననూ పూర్తిగా కొట్టివేయలేము.

ఆ పారిస్ సంప్రదాయానికి పరిపూర్ణ రూపం ఇచ్చినవాడు ప్రసిద్ధ ఫ్రెంచి వంటవాడు ఒగుస్ట్ ఎస్కోఫియే. 1903లో వెలువడిన ఆయన గ్రంథంలో మయోనైజ్ చల్లని సాస్‌లన్నిటికీ తల్లి వంటిది. ఆయన కొలత ప్రకారం లీటరు నూనెకు ఆరు పచ్చసొనలు, కొద్దిగా వెనిగర్, ఉప్పు, మిరియాల పొడి సరిపోతాయి. చివరలో కాస్త మరుగుతున్న నీరు కలపమని ఆయన రాశారు. మంచు మీద గిన్నె పెట్టి చిలికే అలవాటును తప్పుపట్టి, సాస్ విరగడానికి చలువే ముఖ్య కారణమని హెచ్చరించారు. శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినితో తేల్చిన రెండు విషయాలను ఆయన చేతి అనుభవంతోనే పట్టుకున్నారు. ఒక పచ్చసొన 18 గ్రాములు ఉంటుంది, అందులో సగం నీరే. ఆరు సొనలలో 54 గ్రాములు, వెనిగర్‌లో మరో ఇరవై గ్రాములు వేసుకున్నా, లీటరు నూనెను మోయవలసిన నీరు 80 గ్రాములు కూడా లేదు. అది చాలా బిగువైన లెక్క. చివరలో కలిపే వేడి నీళ్లు ఆ బిగువును సడలిస్తాయి.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. ఎంత చిలికినా నూనె చిన్న చిన్న బిందువులుగా చీలి, మళ్లీ ఒకదానితో ఒకటి కలిసిపోయి పైకి తేలుతుంది. పచ్చసొనలో ఉండే లెసిథిన్ అనే కొవ్వు పదార్థపు అణువుకు ఒక కొన నూనెను, మరొక కొన నీటిని కోరుకుంటుంది. అది నూనె బిందువు చుట్టూ పొరలాగా పరుచుకుని పక్క బిందువుతో కలవకుండా అడ్డుపడుతుంది. దీనిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తియొడోర్ గొబ్లే 1840లలో గుడ్డుసొన నుంచే వేరుచేశారు. చాలాకాలం ఘనత అంతా లెసిథిన్‌దే అనుకున్నారు. నిజానికి సొనలో లెసిథిన్, మాంసకృత్తులు, కొవ్వు కలిసి సూక్ష్మమైన కణాలుగా ఉంటాయి. అవి నూనె ఉపరితలాన్ని తాకగానే విచ్చుకుని, మాంసకృత్తులు, లెసిథిన్ రెండూ కలిసి పొర కడతాయి. లెసిథిన్ ఒక్కటే వేసి చేసిన సాస్ కంటే సొనతో చేసినది గట్టిగా నిలవడానికి కారణం ఇదే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 100 మిల్లీలీటర్ల నూనెను 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసం గల బిందువులుగా చిలికితే ఒకటిన్నర లక్షల కోట్ల బిందువులు తయారవుతాయి. వాటి ఉపరితలం అంతా కలిపితే 120 చదరపు మీటర్లు, అంటే సుమారు 1300 చదరపు అడుగులు. అంత విస్తీర్ణం మీద పొర పరచాలన్నా లెసిథిన్ వంటి పదార్థం గ్రాములో మూడో వంతు ఉంటే సరిపోతుంది; ఒక సొనలో ఒకటిన్నర గ్రాములకు పైగానే ఉంటుంది. కనుక "నూనె ఎక్కువ పోశాను, సొన పట్టలేక విరిగిపోయింది" అని చాలామంది చెప్పే కారణం సాధారణంగా సరికాదు. సొనకు పట్టే శక్తి మిగిలే ఉంటుంది. అక్కడ చాలనిది నీరు.

ఎందుకో చెబుతాను. బుట్టలో బత్తాయిలు నింపితే ఎంత సర్దినా కాయల మధ్య కొంత ఖాళీ మిగులుతుంది. ఒకే పరిమాణపు గోళాలను వరుసగా పేర్చినా స్థలంలో నూటికి 74 పాళ్లకు మించి నింపలేము. ఇష్టం వచ్చినట్టు పోస్తే 64 పాళ్ల దగ్గర ఆగిపోతుంది. మయోనైజ్‌లో నూనె బిందువులు ఈ హద్దు దగ్గరికి వచ్చి, దానిని దాటుతాయి. చిన్న బిందువులు పెద్దవాటి సందుల్లో దూరుతాయి, పెద్దవి ఒకదానినొకటి నొక్కుకుని గుండ్రదనం పోగొట్టుకుని పలకలు తేలుతాయి. కదలడానికి చోటు లేని ఆ ఇరుకే చిక్కదనం. పలుచని నూనె, అంతకంటే పలుచని వెనిగర్ కలిసి చెంచా నిలబడేంత గట్టిగా అవడానికి వేరే రహస్యం ఏమీ లేదు. అందులో పిండి లేదు, ఉడికించడం లేదు. తెల్లదనం కూడా ఆ బిందువులు వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొట్టడం వల్ల వచ్చేదే. ఆ బిందువుల మధ్య పలుచని పొరలుగా మిగిలిన నీరు మరీ సన్నబడితే పొరలు తెగి నూనె నూనెతో కలుస్తుంది. ఇంట్లో మయోనైజ్ మరీ ముద్దగా అయి, అంచుల్లో మెరుస్తున్నట్టు కనబడితే అది విరగబోతున్నదని అర్థం. అప్పుడు వెంటనే ఒక చెంచా గోరువెచ్చని నీరు కలపాలి గాని నూనె పోయకూడదు.

మొదట్లోనే విరిగితే కారణం వేరు. ఆరంభంలో గిన్నెలో నీరు కొద్దిగా ఉంటుంది. అందులో ఒక్కసారి నూనె ధారగా పోస్తే నీరే నూనెలో బిందువులుగా చిక్కుకుపోతుంది, పలుచగా జారిపోతుంది. అందుకే మొదటి రెండు మూడు చెంచాల నూనెను చుక్కలుగా వేసి, సాస్ చిక్కబడడం మొదలైన తరువాతే సన్నని ధార కట్టాలి. విరిగినదాన్ని పారబోయనక్కరలేదు: వేరే గిన్నెలో ఒక చెంచా నీరు, అర చెంచా ఆవపిండి వేసి, విరిగిన సాస్‌ను చుక్కచుక్కగా అందులోకి చిలుకుతూ పోతే మళ్లీ కుదురుకుంటుంది. ఆవపిండి రుచికి మాత్రమే కాదు, ఆవగింజల పొట్టులోని జిగురు, సన్నని పొడి బిందువులను పట్టి ఉంచడంలో సొనకు తోడ్పడతాయి. నూనె విషయంలో ఒక మాట. గానుగ పల్లీనూనెతో చేసిన మయోనైజ్ ఆ పూటకు బాగానే ఉంటుంది, కానీ పల్లీనూనె ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది. గడ్డకట్టిన కొవ్వు పొరలను చీలుస్తుంది, బయట పెట్టగానే సాస్ విరుగుతుంది. నిలవ ఉంచాలనుకుంటే రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె మేలు. ఆలివ్ నూనెలో మేలురకాన్ని మిక్సీలో తిప్పితే చేదెక్కుతుంది; అది వాడదలచుకుంటే చివరలో చేత్తో కలపాలి.

సీసాల్లోకి ఎక్కిన చరిత్ర క్లుప్తంగా చాలు. జర్మనీ నుంచి న్యూయార్క్ వలస వచ్చిన రిచర్డ్ హెల్‌మన్ 1905లో దుకాణం తెరిచి, 1912 నాటికి మయోనైజ్‌ను గాజు సీసాల్లో అమ్మసాగాడు. జపాన్‌లో క్యూపీ కంపెనీ 1925లో పచ్చసొన మాత్రమే వాడి తనదైన రకాన్ని తెచ్చింది. అక్కడ దానిని అన్నిటిలోను కలుపుకుని తినే అభిమానులకు ప్రత్యేకంగా ఒక పేరే ఏర్పడింది. అమెరికా ప్రమాణాల ప్రకారం మయోనైజ్ అనిపించుకోవాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె, తప్పనిసరిగా గుడ్డుసొన ఉండాలి.

మన దేశంలో బజారులో ఎక్కువగా కనబడేది గుడ్డు లేని రకం. దాని సీసా మీద పదార్థాల పట్టిక చదివితే కథ తలకిందులైనట్టు తెలుస్తుంది. చాలావాటిలో నూనె తక్కువ, నీరు ఎక్కువ. బిందువుల ఇరుకు లేదు కనుక చిక్కదనాన్ని వేరే చోటి నుంచి తేవాలి. అందుకే పాలపొడి లేదా సోయా మాంసకృత్తులు, మార్పు చేసిన పిండిపదార్థం, 415 అనే అంకెతో సూచించే జాంతన్ గమ్ కలుపుతారు. ఈ జిగురును అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో అలీన్ జీన్స్ అనే శాస్త్రవేత్త బృందం ఒక బ్యాక్టీరియా నుంచి రాబట్టింది. అందులో భయపడవలసినది ఏదీ లేదు. అయితే నాలుక మీద తేడా తెలుస్తుంది. నూనెతో బిగిసిన మయోనైజ్ నోట్లో కరిగి జారిపోతుంది, జిగురుతో నిలిచినది కాస్త సాగుతుంది, తీపి తగులుతుంది. మయోనైజ్ నచ్చదని చెప్పే చాలామంది తిన్నది ఈ రెండో రకాన్నే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇష్టం, అసహ్యం అనే ప్రశ్నను ఇక్కడే తీసుకుంటాను. మన పచ్చళ్లలో ఉప్పు, కారం, పులుపు నాలుకకు నేరుగా తగులుతాయి. మయోనైజ్‌లో నాలుక మీద ముందుగా పరుచుకునేది కొవ్వు. మిరపలోని ఘాటు పదార్థం నూనెలో కరుగుతుంది కనుక మయోనైజ్ కారాన్ని లాగేసుకుని మెత్తబరుస్తుంది. అల్-ఫహమ్ కోడిని దానిలో అద్దుకుని తినేవారికి కావలసిన సుఖం అదే. కారం కోసమే తినేవారికి అదే చప్పదనం. రెండో అడ్డంకి నీచు. పచ్చి గుడ్డు వాసన పడనివారు మనలో ఎక్కువ, పులుపు చాలని మయోనైజ్‌లో అది దాగదు. మూడోది నిలవ వాసన. సొనలో ఇనుము ఒక మాంసకృత్తుకు అంటుకుని ఉంటుంది. పులుపు దానిని కొంత విడిపిస్తుంది, విడిపడిన ఇనుము నూనె ముక్కిపోవడాన్ని వేగిరపరుస్తుంది. కర్మాగారాల్లో 385 అనే అంకె గల పదార్థాన్ని కలిపేది ఆ ఇనుమును పట్టి ఉంచడానికే. ఇంట్లో చేసినదానిలో ఆ రక్షణ లేదు, కనుక రెండు రోజులు దాటితే ముక్కు ముందే పసిగడుతుంది. వద్దని చెప్పే పెద్దల ముక్కును తప్పుపట్టడానికి వీల్లేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది క్షేమం. 2023 జనవరిలో కేరళ, 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను నిషేధించాయి. తెలంగాణ ఉత్తర్వు వెలువడిన రోజులలోనే హైదరాబాదులో మోమోలు తిన్న పలువురు అస్వస్థులు కావడం, ఒక మహిళ మరణించడం వార్తల్లోకి వచ్చింది. ఆ నిషేధం పచ్చి గుడ్డు మీద విధించినదే గాని మయోనైజ్ మొత్తం మీద కాదు. పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడి చేసిన గుడ్డుతో గాని, గుడ్డు లేకుండా గాని చేసినది దాని కిందికి రాలేదు. ఆ నిర్ణయం సరైనదనే నేను అనుకుంటాను. దానికి కారణం కూడా నీటిలోనే ఉంది.

ఆహారాన్ని విషతుల్యం చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా నూనెలో పెరగదు, నీటిలో పెరుగుతుంది. వంద గ్రాముల మయోనైజ్‌లో 80 గ్రాములు నూనె అనుకుంటే, మీరు వేసిన ఒకటిన్నర గ్రాముల ఉప్పు, వెనిగర్ అంతా మిగిలిన 20 గ్రాములలోనే చేరుతాయి. అప్పుడు ఆ నీరు ఏడు శాతానికి పైబడిన ఉప్పునీరు, పైగా మంచి పులుపు. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4కు అటూ ఇటూగా ఉంటే బ్యాక్టీరియా పెరగలేదు, క్రమంగా చస్తుంది. కర్మాగారాల్లో పాశ్చరైజ్ చేసిన సొనకు ఈ పులుపు తోడవడం వల్లనే సీసా నెలల తరబడి నిలుస్తుంది.

బండ్ల దగ్గర, చిన్న హోటళ్లలో నేను చూసిన పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. మిక్సీ జార్లో గుడ్డు మొత్తం కొట్టి వేస్తారు. తెల్లసొనలో నూటికి 88 పాళ్లు నీరే. పైగా నిలవున్న గుడ్డులో తెల్లసొన పీహెచ్ 9 దాకా పోతుంది, అంటే అది క్షారం. ఆ నీరు పులుపును పలుచన చేస్తుంది, ఆ క్షారం పులుపును విరిచేస్తుంది. వెల్లుల్లి, కాస్త నిమ్మరసం వేసి తిప్పుతారు. పులుపెక్కితే కొనేవారికి నచ్చదని తగ్గిస్తారు. ఆ గిన్నె హైదరాబాదు సాయంకాలపు వేడిలో గ్రిల్ పక్కన గంటల తరబడి ఉంటుంది. సాల్మొనెల్లా అత్యంత వేగంగా పెరిగేది సరిగ్గా 35, 37 డిగ్రీల మధ్య. మరునాడు మిగిలినదానిలోనే కొత్తది కలిపితే చెప్పనక్కరలేదు. పెంకు కడిగినంత మాత్రాన సరిపోదు; ఈ బ్యాక్టీరియాలో ఒక రకం కోడి అండాశయం నుంచే గుడ్డులోకి చేరగలదు. ఫ్రిజ్‌లో పెడితే చాలదా అని అడుగుతారు. చలువలో అది పెరగదు గాని, పులుపు దానిని చంపే వేగం కూడా తగ్గిపోతుంది. ముందే చేరి ఉన్నది అలాగే ఉండిపోతుంది. కనుక ఇంట్లో నిమ్మరసాన్ని నమ్ముకుని పచ్చి గుడ్డు వాడవద్దని, ముఖ్యంగా గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లలో అసలే వద్దని నా గట్టి సలహా.

ఇంట్లో చేసుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది సొనను వేడి చేయడం. రెండు పచ్చసొనలు, రెండు పెద్ద చెంచాల నీరు, రెండు పెద్ద చెంచాల వెనిగర్ ఒక స్టీలు గిన్నెలో వేసి, ఆవిర్లు వస్తున్న నీళ్ల గిన్నె మీద పెట్టి ఆపకుండా కలపండి. నీరు, పులుపు కలిసిన సొన మామూలు సొన కంటే ఎక్కువ వేడికి గాని గడ్డకట్టదు. థర్మామీటరు 71 డిగ్రీలు చూపగానే దించి, గిన్నెను చల్లని నీటిలో ఉంచి, గోరువెచ్చగా అయిన తరువాత ఉప్పు, ఆవపిండి కలిపి, కప్పు నూనెను పైన చెప్పిన విధంగా పోయండి. వేడి చూసే సాధనం లేకుండా ఈ పని చేయవద్దు. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. థర్మామీటరు లేనివారు గట్టిగా ఉడికించిన గుడ్ల పచ్చసొనను మెత్తగా మెదిపి, ఆవపిండి, వెనిగర్ కలిపి నూనె పోయవచ్చు. అంత నునుపు రాదు గాని రుచి బాగుంటుంది, నీచు ఉండదు.

రెండోది పాలతో చేసేది, గుడ్డు తినని ఇళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. పోర్చుగల్‌లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మరిగించి బాగా చల్లార్చిన చిక్కటి పాలు అర కప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, ఆవపిండి మిక్సీ చిన్న జార్లో వేసి, తిప్పుతూ ఒక కప్పు నుంచి కప్పున్నర వరకు నూనెను సన్నగా పోయండి. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు సొన చేసే పనే చేస్తుంది. చిక్కబడిన తరువాత చివరలో నిమ్మరసం కలిపితే కేసిన్ ఇంకా బిగుస్తుంది. ముందే వేస్తే పాలు విరుగుతాయి. దీనిలో నీరు ఎక్కువ, పులుపు తక్కువ, పైగా పచ్చి వెల్లుల్లి ఉంది. కనుక ఫ్రిజ్‌లోనే ఉంచి మరునాటికి వాడేయాలి. గదిలో వదిలేసిన వెల్లుల్లి నూనెలో బోటులినమ్ అనే ప్రాణాంతక విషం పుట్టే ప్రమాదం ఉంది. ఏ పద్ధతిలో చేసినా ఒక పెద్ద చెంచాడులో దాదాపు 100 కేలరీలు ఉంటాయని గుర్తుంచుకుని, నంజుకునే కొలతలో తినండి.

బయట తినేటప్పుడు, అది సీసాలో వచ్చినదా, అక్కడ తిప్పినదా అని సంకోచించకుండా అడగండి. ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా, బల్ల మీది గిన్నెలోంచి తీస్తున్నారా అన్నది కళ్లతోనే చూడవచ్చు. గుడ్డు తినని మన వాళ్లు అమెరికాలో ఉంటే, అక్కడి ప్రమాణం ప్రకారం మయోనైజ్ అని రాసిన సీసాలో గుడ్డుసొన ఉండి తీరుతుంది గనుక, మన ఆకుపచ్చ చుక్క కోసం వెతకకుండా వీగన్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి.